రెండు వందల నలభై దినాలు

తిప్పయ్య ఎడమచెయ్యి విరిగిన చప్పుడు మిల్లు గేటు దగ్గర గుమికూడిన నలభై మందికీ వినిపించింది. విరిచినవాడు ఖాసిం సాబ్. రాప్తాడు రోడ్డులోని ఆ చెనిక్కాయల మిల్లుకు అతను పదకొండేళ్లుగా గేటు మనిషి. వయసులో కుస్తీలు పట్టిన ఒళ్లు. యాభైకి దగ్గరపడుతున్నా పట్టు సడలలేదు. మేనేజరు శ్రీరంగప్ప బయటికి నూకమంటే నూకేవాడు, రెండు తగిలించమంటే తగిలించేవాడు. ఎందుకని ఎన్నడూ అడగలేదు.

ఆ రోజు గొడవ సెలవు దగ్గర మొదలైంది. తిప్పయ్య వేరుశనగ కాయలొలిచే మిషను మీద ఏడేళ్లుగా పనిచేస్తున్నాడు. చలిజ్వరంతో తొమ్మిది రోజులు పడుకుని లేచి వచ్చేసరికి పేరు కొట్టేశారు.

"జొరమొస్తే సెలవిచ్చేది పర్మనెంటోళ్లకప్పా," అన్నాడు శ్రీరంగప్ప ఆఫీసు మెట్ల మీద నిలబడి. "నువ్వు బదిలీ మనిషివి, ఒకరు రాకుంటే వాళ్ల బదులు చేసేవాడివి. మూడు దినాలు రాకుంటే పేరు పోతాది. కంపెనీ రూలు అది."

"ఏడేండ్లు చేసినోడు బదిలీ మనిషి ఎట్లయితాడు సార్? ఏడాదిలో రెండు వందల నలభై దినాలు చేస్తే సెలవుకు హక్కుండాదని చట్టం చెప్తాదంట. నేను అంతకంటే ఎక్కువే చేసినా."

"హాజరు మస్టర్లో నీకి రెండు వందల ఇరవై ఎనిమిదే ఉండాయి."

"అది దొంగ మస్టరు."

శ్రీరంగప్ప గేటు వైపు చూశాడు. ఖాసిం సాబ్‌కు ఆ చూపు చాలు. తిప్పయ్య మెడపట్టి ఈడ్చుకొచ్చాడు. జ్వరం వదిలిన మనిషి, పిడికెడున్నాడు. అయినా ఎడమచేత్తో గేటు కమ్మీ పట్టుకుని వదల్లేదు. ఇనుప పొన్నున్న కర్రతో ఆ చేతి మీద ఒకటి వేశాడు ఖాసిం సాబ్. వదల్లేదు. రెండోది వేశాడు.

గుంపులోంచి వచ్చిన మొదటి రాయి ఖాసిం సాబ్ వీపుకు తగిలింది. రెండోది కుడికంట్లో పడింది. ఆ తర్వాత ఎవరు కొడుతున్నారో తెలియలేదు. కర్ర గుండ్రంగా తిప్పాడు. ఎవరివో పళ్లు రాలాయి. కాయలేరే ఆడవాళ్లు జల్లెడ చట్టాలతో బాదారు. బస్తాలెత్తే కొక్కెం ఒకటి తొడలో దిగింది. నేల మీద పడ్డాక కాళ్లతో తన్నారు. మిగిలిన కంటితో అతను చివరగా చూసింది, శ్రీరంగప్ప ఆఫీసులోకి పోయి తలుపు మూసుకోవడం.

అనంతపురం ఆసుపత్రిలో కుడికన్ను తీసేశారు. తొడ గాయం చీము పట్టింది. నెల రోజులు భార్య జుబేదాబీ పక్కనే కూర్చుంది. మిల్లు నుంచి ఒక్కరూ రాలేదు.

ఐదో వారం కుంటుకుంటూ మిల్లుకు పోయాడు. గేట్లో వెంకటప్ప అనే విడపనకల్లు మనిషి నిలబడి ఉన్నాడు. పాతికేళ్లుంటాయి. ఖాసిం సాబ్ పొన్నుకర్ర అతని చేతిలో ఉంది.

శ్రీరంగప్ప కూర్చోమనలేదు.

"ఈ నెల దినాలు సెలవు కింద రాసుకోండి సార్," అన్నాడు ఖాసిం సాబ్. "కంపెనీ పనిలోనే గదా దెబ్బలు తగిలింది."

"ఏం సెలవు సాబూ? నీ పేరు మస్టర్లోనే లేదు."

"పదకొండేండ్లు గేట్లో నిలబడినా సార్."

"నిన్ను సొంతానికి పెట్టుకునింది మిల్లు సావుకారు. కంపెనీ గాదు. నువ్వు పర్మనెంటూ కాదు, బదిలీ కూడా కాదు."

"మరి నేనేంది సార్?"

శ్రీరంగప్ప కాగితాల్లోకి తల వంచుకున్నాడు. "వెంకటప్పా, ఈయన్ని పంపించు."

వెంకటప్ప మెడపట్టాడు. ఏ వేలు ఎక్కడ నొక్కుతుందో ఖాసిం సాబ్‌కు తెలుసు. తను ఎంతమందిని అలా పట్టాడో లెక్కలేదు. గేటు దాకా నడిచి, అక్కడ వెనక్కి తిరిగి నెత్తితో వెంకటప్ప ముక్కు మీద పొడిచాడు. ముక్కు చితికి రక్తం బొటబొటా కారింది. వెంకటప్ప కర్ర ఎత్తి, అతను పడేదాకా కొట్టాడు, పడ్డాక కొట్టాడు. మిల్లులో మిషన్లు ఆగలేదు.

మూడో రోజు ఖాసిం సాబ్ తిప్పయ్య ఇంటికి పోయాడు. తిప్పయ్య భార్య ఓబమ్మ వాకిట్లో మచ్చుకత్తితో కంపకట్టెలు కొడుతూ ఉంది. చూడగానే లేచింది.

"ఇంగో చెయ్యి గూడా ఇరిచేకి వచ్చినావా?"

మచ్చు తిరగేసి వెనకపక్కతో భుజం మీద కొట్టింది. అతను కదల్లేదు. మళ్లీ కొట్టింది.

"కొట్టుమ్మా. కొట్టినాంక నా మాట ఇను."

తిప్పయ్య చెయ్యి మెడకు కట్టుకుని బయటికొచ్చాడు. ఖాసిం సాబ్ నిలబడే చెప్పాడు. పనిలోకి వచ్చేవాళ్లకు గేట్లో నంబరున్న ఇత్తడి బిళ్లలు ఇచ్చేది తనే. ఏటా వేసవిలో మేనేజరు ముప్పై ఒక్కమంది నంబర్లు చెప్పేవాడు. పద్దెనిమిది రోజులు వాళ్లకు వేరే బిళ్లలివ్వాలి. మనిషి అదే మిషను మీద పనిచేస్తాడు, మస్టర్లో మాత్రం ఆ రోజులు వేరే పేరు మీద పడతాయి. అందుకే ఎవరికీ రెండు వందల నలభై నిండవు.

"తెలిసే ఇచ్చినావా?" అడిగాడు తిప్పయ్య.

"తెలిసే ఇచ్చినా."

"నీకి సెలవిచ్చింటే, ఈడికొచ్చి ఈ మాట చెప్పేవాడివా?"

"చెప్పేవాణ్ణి కాను," అన్నాడు ఖాసిం సాబ్.

తిప్పయ్య పక్కకు ఉమ్మేశాడు. "మేమిచ్చిన ఫిర్యాదు మీద సోమవారం లేబరాఫీసరు మిల్లుకొస్తాండాడు. చెప్పేదుంటే ఆయనకి చెప్పు."

సోమవారం పొద్దున మిల్లుకు పోతూ ఎండిన వంక దాటుతున్న ఖాసిం సాబ్‌ను వెంకటప్ప, ఇంకో ఇద్దరు అడ్డుకున్నారు. ఇసుకలో పడేసి పక్కటెముకల మీద తొక్కారు. ఖాసిం సాబ్ చేతికి వెంకటప్ప గొంతు అందింది. పాత పట్టు దానంతటదే పడింది. వెంకటప్ప కళ్లు తేలేస్తుంటే మిగతా ఇద్దరూ బెదిరి వెనక్కి తగ్గారు. ఇంకాస్త బిగిస్తే ప్రాణం పోతుంది. వాడి ముఖం చూశాడు. మేనేజరు కొట్టమంటే కొట్టడానికి వచ్చినవాడు. వేళ్లు వదిలేసి లేచి, నోట్లో రక్తం ఉమ్ముకుంటూ నడిచాడు.

చొక్కా అంతా రక్తంతో వచ్చిన మనిషిని చూసి మిల్లు ఆఫీసులో లేబరాఫీసరు రాయడం ఆపాడు.

"ఈయన మా మనిషే కాదు సార్," అన్నాడు శ్రీరంగప్ప. "కక్షతో వచ్చినాడు."

"కక్ష ఉందా?" అడిగాడు ఆఫీసరు.

"ఉండాది సార్. అయినా మస్టరు తీసి చూడండి. తిప్పయ్య పేరు ఆగిన దినమే తిమ్మప్ప అనేవాడు అదే మిషను మీద చేరింటాడు. తిప్పయ్య మళ్లీ వచ్చిన దినం ఆ తిమ్మప్ప పోయింటాడు. ఏడేండ్లూ అంతే. తిమ్మప్ప అనేవాణ్ణి గేట్లో నేను ఎన్నడూ చూళ్లేదు."

ఆఫీసరు పేజీలు తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. శ్రీరంగప్ప నుదురు తుడుచుకున్నాడు.

"ఇంగొకటి రాసుకోండి సార్," అన్నాడు ఖాసిం సాబ్. "తిప్పయ్య చెయ్యి ఇరిచింది నేను. మేనేజరు చెప్తే ఇరిచినా. చెప్పింది ఆయనయినా, ఇరిచింది నా చేతులే."

ఆ ముప్పై ఒక్కమందినీ పర్మనెంటు చేయక కంపెనీకి తప్పలేదు. శ్రీరంగప్పను సావుకారు వేరే ఊరి మిల్లుకు మార్చాడు. ఖాసిం సాబ్ పర్మనెంటో బదిలీయో, ఏ లెక్కలోకి వస్తాడో ఆఫీసరు కూడా తేల్చలేకపోయాడు. చెయ్యి విరిచినందుకు కోర్టు మూడు నెలలు జైలు వేసింది. తిప్పయ్య ఒక్కసారీ చూడ్డానికి రాలేదు. రావాలని ఖాసిం సాబ్ అనుకోనూ లేదు.

విడుదలయ్యాక జుబేదాబీతో కలిసి రోడ్డుపనికి కంకర కొట్టడానికి కుదిరాడు. ఒక పొద్దున తిప్పయ్య, ఓబమ్మ మూట పట్టుకుని బస్సు కోసం అక్కడికే వచ్చి నిలబడ్డారు.

"పనికి పోలేదా?" అడిగాడు ఖాసిం సాబ్ సుత్తి దించి.

"సెలవు పెట్టినా. శింగనమలలో చెల్లెలింటికి పోతాండాము."

"ఎన్ని దినాలు?"

"నాలుగు."

ఖాసిం సాబ్ తలూపాడు. బస్సు వచ్చింది. ఓబమ్మ ముందెక్కి, కిటికీలోంచి ఒకసారి అతని వైపు చూసి ముఖం తిప్పుకుంది. మేస్త్రీ కేకేస్తుంటే జుబేదాబీ ఇంకో రాయి దొర్లించి అతని ముందు పెట్టింది.