కల్లంలో ఫెబా గొంతు

తాను కూలీలను నడిపే మిరప కల్లంలో పిల్లలు ఏడవరని బుల్లయ్య మేస్త్రి గొప్పగా చెప్పుకునేవాడు. ఎందుకు ఏడవరో అక్కడ కూలికొచ్చే ఆదెమ్మకు నిన్న తెలిసొచ్చింది.

మిరప ఘాటుకు పిల్లల ముక్కులు కారతాయి, తుమ్ములు ఆగవు. ఎవరో ఐదేళ్ల పిల్లాడికి డాక్టర్ రాసిన ఎలర్జీ సిరప్ ఒకటి కల్లానికి చేరింది. అది ముక్కు కంటే నిద్రకే బాగా పనిచేస్తోందని మేస్త్రి కనిపెట్టాడు. ఇక ఆ సీసా అయిపోతే మరొకటి తెప్పించి, పొద్దున్నే చంటిబిడ్డలందరికీ మూతతో పోయించేవాడు. బిడ్డలు చీర ఉయ్యాలల్లో పడి ఉండేవాళ్లు. తల్లులు తలెత్తకుండా కాయల తొడిమలు తీసేవాళ్లు.

నిన్న ఆదెమ్మ మనవరాలు, ఏడాది నిండిన ఫెబా, పొద్దుగూకినా కళ్లు తెరవలేదు. చెంప తడితే తల వాల్చేసింది. ఆటో ఎక్కించి బ్రాడీపేటలో పిల్లల ఆస్పత్రికి పరుగెత్తారు. పిల్ల బతికింది. డాక్టరమ్మ మాత్రం ఉతికి ఆరేసింది.

"ఇది జోకొట్టే మందా? ఇంత పసిదానికి డాక్టర్ రాయకుండా చుక్క కూడా పొయ్యకూడదు. రాసినా బరువు చూసి రాస్తాం, పెట్టెలో వచ్చిన కొలత గ్లాసుతోనే పొయ్యాలి. ఒక పిల్లాడి మందు ఇంకొకరికి వద్దే వద్దు. ముందు ఆ ఘాటుకి దూరంగా ఉంచండి!"

ఇవాళ ఆదెమ్మ పిల్లను చంకనేసుకుని కల్లంలోకి వచ్చేసరికి, మేస్త్రి మళ్లీ సీసా మూత తిప్పుతున్నాడు.

"పిల్ల లేచిందిగా ఆదెమ్మా, ఇంకేంది గోల? జలుబు మందేగా!"

"జలుబు లేనోళ్లకెందుకు పోస్తన్నావురా? నీ మనవడికి పోశావా ఎప్పుడన్నా?"

బుల్లయ్య మూత బిగించి సీసాను జేబులో పెట్టుకున్నాడు. అది ఆడాళ్లందరి కంటా పడింది.

"అమ్మా, పని పోద్దే," అని కూతురు స్తుతి కొంగు లాగింది.

"పోతే పోనియ్యి. పిల్ల పోతే తెస్తాడా వీడు?"

పక్కనే ఉన్న నస్రత్ తన బిడ్డను ఉయ్యాలలోంచి తీసుకుని లేచింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ లేచారు. తొడిమలు తీయని కాయలు ఎర్రగా గుట్టపడి ఉన్నాయి. కాయల్ని మిర్చి యార్డుకు తీసుకుపోయే లారీ బయల్దేరిందని అప్పుడే మేస్త్రికి ఫోనొచ్చింది.

కల్లం సొంతదారు, రైతు యలమందయ్య బండి మీద దూసుకొచ్చాడు. "ఏందమ్మా ఇది? లారీ వచ్చేస్తంటే!"

"రానీండయ్యా," అంది ఆదెమ్మ. "పిల్లలకి గాలొచ్చే వైపున, కాయలకి దూరంగా పందిరెయ్యండి. చూసుకోడానికి మాలో ఒకమ్మిని కూలిచ్చి కూర్చోబెట్టండి. అప్పుడు కూర్చుంటాం."

"పిల్లల్ని ఇంటికాడ వదిలేసి రావచ్చుగా," అని గొణిగాడు మేస్త్రి.

"ఎవరి దగ్గర? నీ పెళ్లాం దగ్గరా?"

కల్లమంతా ఘొల్లున నవ్వింది. యలమందయ్య కాయల గుట్టను చూశాడు, రోడ్డు వైపు చూశాడు. "ఒరేయ్ బుల్లయ్యా, టార్పాలిన్ పట్టాలు తీసుకురా. గుంజలు పాతు."

గుంజలకు గుంటలు మేస్త్రే తవ్వాడు. చెమటతో, తుమ్ములతో. ఆదెమ్మ అతని జేబులోంచి ఆ సీసా లాక్కుని బొడ్లో దోపుకుంది.

లారీ వచ్చేసరికి పందిరి కింద నస్రత్ పిల్లల్ని ఆడిస్తోంది. ఫెబాకు ఆకలేసింది. నిన్న తల వాల్చేసిన ఆ పిల్ల కాళ్లు తన్నుకుంటూ, కల్లమంతా అదిరేలా ఏడుపు లంకించుకుంది. స్తుతి పాలివ్వడానికి పరుగెత్తింది.

"ఎవరమ్మా ఆ గోల?" అన్నాడు డ్రైవరు చెవులు మూసుకుని.

"మా మనవరాలు!" అంది ఆదెమ్మ, తలెత్తి, ఊరంతా వినపడేట్టు.