నీళ్ళెక్కువై చావని మొక్క

జక్రయ్య మాస్టారిది మంచి చెయ్యి కాదని ఊరంతటికీ తెలుసు. మనిషి మంచివాడే, చెయ్యే మంచిది కాదు. ముప్పై ఏళ్ళు మిషన్ బళ్ళో ఆ చేత్తోనే పిల్లల చేత అక్షరాలు దిద్దించాడు, వాళ్ళంతా శుభ్రంగా పైకొచ్చారు. అదే చేత్తో నాటిన మొక్క మాత్రం ఒక్కటీ మూడో ఆకు వేసిన పాపాన పోలేదు. బీరపాదు కుళ్ళిపోయింది. కరివేపాకు తలవాల్చేసింది. మట్టిలో గుచ్చితే చాలు బతికేస్తుందని పేరున్న మునగకొమ్మ కూడా మాస్టారు గుచ్చేసరికి మెత్తబడి ఒరిగిపోయింది.

కారణం ఎవరికీ తెలియనిది కాదు. నీళ్ళు. మొక్క కనబడితే చాలు, పాపం దాహం వేస్తోందేమోనని మాస్టారికి జాలి పుట్టుకొచ్చేది. పొద్దున చెంబెడు పోసేవాడు. మధ్యాహ్నం ఎండగా ఉందని మళ్ళీ చెంబెడు. సాయంత్రం ఎటూ వాడుకే.

"అది మొక్కయ్యా, పసిబిడ్డ కాదు పాలు పట్టటానికి!" అని ఆయన భార్య ఎలీసమ్మ మొత్తుకునేది.

ఎలీసమ్మ హస్తవాసి సంగతి వేరు. సత్తెనపల్లి రోడ్డు పక్కన ఎకరం చెక్క కౌలుకు తీసుకుని మిరప వేసేది. పక్క చేలల్లో బొబ్బర తెగులొచ్చి ఆకులు ముడుచుకుపోయినా ఆమె చేను నవనవలాడుతూ ఉండేది. నారు నాటే రోజున మాత్రం మొగుణ్ణి చేలోకి దిగనిచ్చేది కాదు. గట్టు మీద గొడుగేసుకుని కూర్చోమనేది. కూలికొచ్చిన ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటుంటే మాస్టారు పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఇదంతా ఆయన ఓర్చుకోగలడు. ఓర్చుకోలేనిది కోత పండుగ.

ఏటా ఫిబ్రవరిలో వాళ్ళ చర్చిలో కోత పండుగ జరుగుతుంది. ఎవరు పండించింది వాళ్ళు తొలికోతలో కొంత తెచ్చి వేదిక ముందు పెడతారు. బస్తాడు మిరపకాయలు తెచ్చేవాళ్ళు తెస్తారు, పెరట్లో కాసిన రెండు వంకాయలే గతి అయినవాళ్ళు అవే తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని చర్చి ఆవరణలో వేలం వేస్తారు. వేలంపాట నడిపేది దానయ్య. గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేస్తాడు, గొంతు విప్పితే పక్క ఊరికి వినపడుతుంది. ఒక్కొక్క సరుకే పైకెత్తి, పండించినవాళ్ళ పేరు అందరికీ తెలిసేలా కేకేస్తాడు. "పుల్లమ్మ గుమ్మడికాయ! ఎలీసమ్మ మిరపకాయలు!" మాస్టారు ఇచ్చేది డబ్బు పెట్టిన కవరు. కవర్ని ఎవరూ వేలం వెయ్యరు, దాని మీద పేరుని ఎవరూ కేకెయ్యరు.

చచ్చేలోపు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, 'జక్రయ్య మాస్టారు పండించింది' అని దానయ్య గొంతులో వినాలని మాస్టారికి కోరిక. ఆ కోరిక ఎలీసమ్మకి కూడా చెప్పుకోలేదు. చెబితే నవ్వుతుందని భయం.

పత్తికి తెల్లదోమ పట్టి జిల్లా అంతా మందు డబ్బాలు భుజాన వేసుకు తిరిగిన ఏడాది, మాస్టారు కట్టుడు పళ్ళ కోసం సత్తెనపల్లి వెళ్ళాడు. పళ్ళ డాక్టరు గారి ముందుగదిలో ఒక గాజుతొట్టె ఉంది. అందులో నాలుగు రంగు చేపలు తిరుగుతున్నాయి. మాస్టారు చేపల వంక చూడలేదు. వాటి వెనక, పిల్లల జడ రిబ్బన్లలా పొడుగ్గా ఊగుతున్న పచ్చటి ఆకుల్ని చూస్తూ ఉండిపోయాడు. వేళ్ళ నుంచి చివరి దాకా నీళ్ళలోనే ఉన్నాయి. అయినా బతికి ఉన్నాయి!

"ఇవి నీళ్ళెక్కువై చావవాండీ?" అని బోసినోటితోనే అడిగాడు.

"నీళ్ళు తక్కువైతే చస్తాయండీ," అని నవ్వాడు డాక్టరు.

ఆ మాట విన్న మాస్టారికి కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. తన కోసం కూడా దేవుడు ఒక మొక్కని పుట్టించాడు, ఇన్నాళ్ళూ చెప్పలేదంతే. డాక్టరు గారు అప్పటికే ఆసుపత్రి ఎత్తేసి బెజవాడ వెళ్ళిపోయే ప్రయత్నంలో ఉన్నాడు. చేపల్ని తీసుకెళ్ళి, తొట్టెనీ మొక్కల్నీ మాస్టారికి ఇచ్చేశాడు. మాస్టారు మొక్కల్ని నీళ్ళతో సహా క్యారేజీలో పెట్టుకుని, తొట్టెని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు.

"పళ్ళు కట్టించుకు రమ్మంటే గాజుపెట్టె తెచ్చావా?" అంది ఎలీసమ్మ. క్యారేజీ మూత తీసి చూసింది. "ఏందయ్యా ఇది, నాచు?"

"నాచు కాదు. రిబ్బను మొక్క."

"కాలవలో బోలెడుంది ఇట్టాంటిది. బర్రెలు కూడా తినవు."

మాస్టారు తొట్టెని శుభ్రంగా కడిగాడు. అడుగున చెరువుమట్టి పరిచాడు. దాని మీద ఏటి ఇసుక, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి మరీ పోశాడు. వేళ్ళు మాత్రం ఇసుకలో దిగేలా, మొదలు పైకి కనబడేలా మొక్కల్ని గుచ్చాడు. కాలవ నీళ్ళలో పత్తి మందు కలుస్తుందని ఆ నీళ్ళ జోలికి పోలేదు. బావి నీళ్ళు తోడి, కుండలో తేరనిచ్చి పోశాడు. తొట్టెని తూర్పు కిటికీ పక్కన పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

కొన్నాళ్ళకి ఆకులు పసుపురంగుకి తిరిగి కరిగిపోసాగాయి. "మొదలైంది," అంది ఎలీసమ్మ. మాస్టారు తొట్టె చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. ఎక్కువ నీళ్ళు పొయ్యటానికి ఇక్కడ వీల్లేదు, మరి ఏం తప్పు చేస్తున్నట్టు? ఆ తప్పేదో ఎలీసమ్మే పట్టుకుంది. మాస్టారు రోజూ ఒక మొక్కని పైకి పీకి, వేళ్ళొచ్చాయో లేదో చూసి, మళ్ళీ గుచ్చుతున్నాడు.

"బళ్ళో పిల్లల్ని కూడా ఇట్టాగే పీకి చూసేవాడివా?"

ఆ మాట సూటిగా తగిలింది. ఆ రోజు నుంచి ఆయన చేతులు కట్టుకుని కూర్చోవటం నేర్చుకున్నాడు. చెయ్యి దురదపెట్టినప్పుడల్లా వెళ్ళి బైబిలు తీసేవాడు. కొత్త ఆకు కనబడేనాటికి పాత నిబంధన సగం పైగా అయింది.

తర్వాత ఎండ ఎక్కువై ఆకుల మీద పాచి పట్టింది. ఎలీసమ్మ పాతచీర ముక్క తెచ్చి మాస్టారు కిటికీకి కట్టాడు. కట్టుడు పళ్ళొచ్చాక పనిలేకుండా పడివున్న పళ్ళ బ్రష్షుతో ఒక్కొక్క ఆకునీ రుద్దాడు. చిన్న చిన్న నత్తలు పుడితే, పత్తి మందు ఒక్క చుక్క వెయ్యమని ఊరంతా సలహా ఇచ్చింది. ఆ ఏడు ఊళ్ళో దేనికైనా అదే వైద్యం. మాస్టారు ససేమిరా అని, నత్తల్ని చేత్తో ఏరి పారేశాడు. చలికాలం వచ్చేసరికి తల్లిమొక్కల నుంచి ఇసుక మీద పాకుతూ పిలకలు బయల్దేరాయి. పిలకకి పిలక వేసి తొట్టె నిండిపోయింది. ఎలీసమ్మ అటుగా పోతూ ఒకటి రెండుసార్లు ఆగి చూసింది.

కోత పండుగ నాటి ఉదయం మాస్టారు కత్తెర తీసుకుని పొడుగాకులు కోశాడు. దారంతో కట్టబోతే కట్ట జారిపోయింది. మళ్ళీ కట్టాడు, మళ్ళీ జారింది.

"నాచు తీసుకెళ్ళి దేవుడి ముందు పెడతావా? నలుగురూ నవ్వరూ?" అంది ఎలీసమ్మ. "కవరిస్తే సరిపోదా?"

"ఈసారి కవరివ్వను," అన్నాడు మాస్టారు. ఆ గొంతు ఎలీసమ్మ ఎప్పుడూ వినలేదు. ఆయన చేతుల్లోంచి ఆకు లాక్కుని, తోటకూర కట్టినట్టే అరటినారతో బిగించి చక్కటి కట్టలు కట్టింది. అసలు ముప్పు అక్కడే వచ్చింది.

నీళ్ళలోంచి తీస్తే ఆకు నిమిషంలో వడిలిపోతుంది. అందుకని మాస్టారు కట్టల్ని బేసిన్‌లో నీళ్ళు పోసి తీసుకెళ్ళాడు. చాపలు తడిసిపోతాయని పాస్టరు గారు దాన్ని వేదిక ముందు పెట్టనివ్వలేదు. "వెనక వరండాలో నీడపట్టున పెట్టండి మాస్టారూ, పాటకి తెప్పించుకుందాం," అన్నాడు. వెనక వరండా పక్కనే, సంఘమంతా కలిసి తినే ప్రేమ విందుకి పొయ్యిలు పెట్టారు. వంట వీరమ్మది. భర్త పోయినప్పటి నుంచీ ఏటా పైసా పుచ్చుకోకుండా వండుతోంది. సంఘంలో ఆమెకున్న గౌరవమంతా ఆ గరిటెదే.

లోపల పాటలు, ప్రార్థనలు సాగుతున్నాయి. ఆ ఏడు జనం ఎక్కువొచ్చారు. పప్పులోకి ఆకు చాల్లేదని వీరమ్మ చుట్టూ చూసింది. కట్టలు కట్టి, కడిగి, నీళ్ళలో నానేసిన ఆకుకూర ఎదురుగా కనబడింది. ఎవరో పుణ్యాత్ములు తెచ్చారనుకుని కట్టలు విప్పి, తరిగి, పప్పులో వేసేసింది.

ఎండ ముదరక ముందే భోజనాలు కానిచ్చి పాట తర్వాత పెట్టుకుందామన్నారు పెద్దలు. పందిట్లో విస్తళ్ళు పడ్డాయి. మాస్టారు పప్పు కలుపుకుని ముద్ద ఎత్తబోతూ ఆగిపోయాడు. ముద్దలో ఒక ఆకుముక్క కనబడింది. దాని మీద నిలువు ఈనెలు, ఒకదాని పక్కన ఒకటి, తిన్నగా. ఆ ఈనెల వెంట ఆయన పళ్ళ బ్రష్షు ఎన్నిసార్లు నడిచిందో ఆయనకే తెలుసు.

"పప్పు అదిరిందమ్మా వీరమ్మా! ఏం ఆకు?" అన్నారెవరో.

"పాలకూర," అన్నారు ఒకరు. "కాదు, బచ్చలి," అన్నారింకొకరు. గుమ్మడికాయల ముసలమ్మ పుల్లమ్మ రెండోసారి వడ్డించుకుంది. వీరమ్మ మొహం వెలిగిపోతోంది.

మాస్టారు ఎత్తిన ముద్ద విస్తట్లో పెట్టేశాడు. నిలబడి 'అది నాది' అని అరవాలని ఉంది. అరిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. పందిట్లో సగం మంది కక్కుకుంటారు, రేపటి నుంచి వీరమ్మ చేతి వంట ఎవరూ ముట్టరు. అందుకని తన పంటని తానే నోరు మూసుకుని తిన్నాడు. ఏడుపొచ్చింది, దాన్ని కూడా పప్పుతో పాటే మింగాడు.

భోజనాలయ్యాక పాట మొదలైంది. గుమ్మడికాయలు, కోళ్ళు, వంకాయలు, మిరప బస్తాలు అన్నీ అయ్యాయి. అప్పుడు పాస్టరు గారికి గుర్తొచ్చింది. "మాస్టారు ఏదో తెచ్చారుగా? వెనక పెట్టించాను."

దానయ్య వెనక్కి వెళ్ళి ఖాళీ బేసిన్ పట్టుకొచ్చాడు. "మాస్టారూ, మీదేదండీ?"

అందరూ తిరిగి చూశారు. వీరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. బేసిన్‌ని చూసింది, మాస్టారిని చూసింది.

"ఏమీ తేలేదు దానయ్యా," అన్నాడు మాస్టారు. "ఈసారి కూడా లేదు. కవరు రేపిస్తాను."

ఎలీసమ్మ ఆయన మొహం చూసింది. తర్వాత పప్పు డేగిసా చూసింది. ఆమెకి లెక్క తేలటానికి ఎంతోసేపు పట్టలేదు. దిగ్గున లేచింది.

"ఎందుకు తేలేదయ్యా? తెచ్చావు! ఈళ్ళంతా తిని కూర్చున్నారు!"

పందిట్లో తలలన్నీ డేగిసా వైపు తిరిగాయి.

"మా ఆయన గాజుతొట్టిలో పెంచిన ఆకు అది. మీరు పాలకూరనుకుని మెక్కింది అదే."

"నాచా!" అని ఒకాయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. పిల్లలు కేరింతలు కొట్టారు. వీరమ్మ గరిటె వదిలేసి కొంగుతో మొహం కప్పుకుంది.

"వీరమ్మా, ఏడవబాక. కూరాకు కట్టినట్టు కట్టింది నేను, నీ తప్పేముంది?" అని ఎలీసమ్మ జనం మీదికి తిరిగింది. "ఏందయ్యా ఆ తువ్వాలు? నువ్వు తెచ్చిన వంకాయలకి ఎన్ని మందులు కొట్టావో చెప్పు ముందు. నేనూ కొట్టాను, నా మిరపకాయలకి. ఈ ఏడు ఊరు మొత్తం మీద చుక్క మందు తగలని ఆకు మా ఆయనదొక్కటే. రోజూ బ్రష్షేసి తోమాడు దాన్ని. మీరు మీ పళ్ళు కూడా అట్టా తోముకోరు!"

తువ్వాలు మెల్లగా కిందికి దిగింది. అందరూ పెద్దది గదా అని పుల్లమ్మ వైపు చూశారు. పుల్లమ్మ నాలుకతో పళ్ళ సందులు వెతుక్కుని, "ఉప్పొక పిసరు తక్కువైంది గానీ, ఆకుకేమీ వంక లేదు," అని తీర్పు చెప్పింది.

పండుగకొచ్చిన సరుకుని పాటకి పెట్టకుండా వదిలిపెట్టటం దానయ్య వృత్తిలో లేదు. డేగిసా వంచి చూశాడు. అడుగున కాస్త పప్పు అంటుకుని ఉంది. రెండు చేతులా డేగిసాని నెత్తి మీదికి ఎత్తాడు.

"జక్రయ్య మాస్టారు పండించిన రిబ్బనాకు! వీరమ్మ వండిన పప్పు! అడుగున రెండు గరిటెలు! పాడండయ్యా!"

ఆ కేక చర్చి గోడకి తగిలి, రోడ్డు దాటి, మిరప కళ్ళాల మీదుగా పోయింది. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు.

ముందు ఎవరూ పలకలేదు. తన వంటకి పాట రాకపోతే పరువేం కావాలని వీరమ్మే కొంగు తీసి, "రూపాయి!" అంది. "రెండు!" అంది ఎలీసమ్మ. వీరమ్మ పెంచింది. ఎలీసమ్మ ఇంకా పెంచింది. ఉల్లిపాయల దగ్గర పావలా కోసం గంటసేపు బేరమాడే మనిషి, తన మిరపకాయలకి వచ్చిన పాటని దాటించేదాకా ఆగలేదు. దానయ్య మూడోసారి అనేసరికి డేగిసా ఆమె చంకనెక్కింది.

సాయంత్రం వంటింట్లో ఎలీసమ్మ ఆ పప్పు గీకి, అన్నంలో కలుపుకుని తింది. మాస్టారు ఎదురుగా పీట మీద కూర్చుని ఆమె దవడలు కదిలినంతసేపూ ఊపిరి బిగబట్టాడు. మెచ్చుకుంటుందేమోనని చూశాడు. ఎలీసమ్మ మెచ్చుకోలేదు. గట్టు మీద నిలబడి తోటి రైతులతో మాట్లాడే గొంతుతో, "ముదురాకు కోశావయ్యా. పీచు తగులుతోంది. ఈసారి లేతగా ఉండంగనే కొయ్యి," అంది. చెయ్యి కడుక్కుంటూ, "మళ్ళీ కోతకెప్పుడొచ్చుద్ది?" అని అడిగింది.

మాస్టారు పీట మీంచి లేచాడు. కిటికీలోంచి ఆకాశం వంక ఒకసారి చూశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏం చెప్తాం ఎలీసమ్మా," అన్నాడు. "దేవుడు చల్లగా చూస్తే ఈస్టరుకి రావచ్చు."