పంపమ్మ కాళ్ళ మీద నీళ్ళు

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన ఐదారేళ్ళ నాటి మాట. ఆ ఊళ్ళో బ్రూసుపేట కోమట్ల ఇళ్ళలో పుట్టిన బిడ్డల్లో సగం మందికి పంపమ్మే నీళ్ళు పోసింది. పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుని ఆమె నీళ్ళు పోస్తే, గుక్కపట్టి ఏడ్చే బిడ్డయినా సాంబ్రాణి పొగ తగిలేలోపే నిద్రపోవాల్సిందే. అట్లాంటి మనిషికి యాభై ఎనిమిదో ఏట మోకాళ్ళు అరిగాయి. కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. వీధిలో వాళ్ళు పిలవడం మానుకున్నారు. దాన్ని ఎట్లాగో ఓర్చుకుంది. ఆఖరి కూతురు పంకజాక్షి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చాక మాత్రం ఆమె వల్ల కాలేదు.

"ఊరి బిడ్డలందరికీ పోసినా. నా కూతురి బిడ్డకు ఇంకొకరు పోస్తాంటే చూస్తా కూర్చునేదా?" అని మొగుడు వీరభద్రయ్య దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆముదం కాపడాలు, ఆకు కట్లు అన్నీ అయ్యాక ఆయన ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయాడు. కీళ్ళ నొప్పులు తగ్గడానికి అక్కడ మిషనుతో ఎక్స్‌రే కిరణాలు పెడుతున్నారని ఎవరో చెప్పారు. డాక్టరు ఉన్నమాట చెప్పే మనిషి.

"అరిగిన కీలు మళ్ళీ రాదమ్మా. కొంచెం కొంచెంగా ఆరు తూర్లు పెడ్తాము. నొప్పి తగ్గితే తగ్గొచ్చు. అదీ నెలో రెండు నెలలో పడ్తాది."

తోడు వచ్చిన పంకజాక్షి నిండు కడుపు చూసి ఆయన కంగారుపడ్డాడు. "నువ్వు ఈడ ఉండకూడదు తల్లీ" అని దూరంగా వరండాలోకి పంపేశాడు. మిషను వేసే ముందు తనూ తలుపు మూసుకుని వెళ్ళిపోయాడు. గదిలో పంపమ్మ ఒక్కతే మిగిలింది. వేడి లేదు, మంట లేదు. అయినా ఆమె ప్రాణం గుప్పిట్లో పెట్టుకుంది. అందరూ తప్పుకునేంతటిది తన మోకాళ్ళలోకి దిగుతోందే! ఇంటికి రాగానే తలమీద నీళ్ళు పోసుకుంది. ఆసుపత్రి మైల అన్నది ఇంట్లో వాళ్ళతో. ఆరుసార్లూ అంతే.

పంకజాక్షికి ఆడపిల్ల పుట్టింది. అప్పటికి నొప్పి తగ్గలేదు. నీళ్ళు పోయడానికి కొట్రమ్మ అనే కన్నడామెను పెట్టుకున్నారు. పంపమ్మ కుర్చీలో కూర్చుని, "మెడ పట్టుకో కొట్రమ్మా, చెవిలో నీళ్ళు పోతాండాయి" అని రోజూ ఆమె ప్రాణం తీసేది. "ఆయ్తమ్మా, ఆయ్తు" అని, అట్లాగేనంటూ ఆ మహాతల్లి ఓపిగ్గా సర్దుకునేది.

బిడ్డకు రెండో నెల నడుస్తుండగా ఒక పొద్దున పంపమ్మ దేవుడి దగ్గర కూర్చుని, ఎవరూ పట్టుకోకుండానే లేచింది. లేచాక గాని ఆ సంగతి తెలియలేదు. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. నొప్పి ఉంది గాని సగానికి సగం తగ్గింది. ఇల్లంతా సంబరపడింది. కొట్రమ్మే పీట తెచ్చి వేసింది.

పంపమ్మ అక్కడికి రాలేదు. "నా కాళ్ళ మీద వద్దు. నువ్వే నీళ్ళు పొయ్యి కొట్రమ్మా" అంది.

"ఏందమ్మా ఇది? దీనికోసమే కదా అంత పాటు పడితివి?" అంది పంకజాక్షి.

పంపమ్మ తన మోకాళ్ళు తడిమి చూపించింది. "ఆ పొద్దు నిన్ను బయటికి తరిమిరి. డాక్టరే తలుపేసుకుని పాయె. అదంతా ఈ మోకాళ్ళలోనే ఉండాది. పసిదానికి అంటుకుంటే?"

ఇన్నాళ్ళూ ఆమె మనవరాలిని భుజానికెత్తుకోవడమే తప్ప ఒళ్ళో ఎందుకు పడుకోబెట్టుకోలేదో పంకజాక్షికి అప్పుడు అర్థమైంది. పాపం, ఒక్కతే మోసింది ఆ భయాన్ని.

వీరభద్రయ్య అప్పటికప్పుడు ఆసుపత్రికి పోయి వచ్చాడు. "మిషను ఆపితే ఆడికి సరి, ఒంట్లో ఏమీ మిగల్దంట" అన్నాడు. పంపమ్మ తల అడ్డంగా ఊపింది. డాక్టర్లు అట్లే చెప్తారని ఆమె నమ్మకం.

పంకజాక్షి బిడ్డతో వచ్చి ఎదురుగా కూర్చుంది. "పురిటి పదినాళ్ళూ నన్ను మైలంటివి. పదకొండో దినం నీళ్ళు పోసుకున్నాక దగ్గరికి తీసుకుంటివి. మైల యాడికి పాయె?"

"నీళ్ళతో పాయె."

"మరి నువ్వు ఎన్నితూర్లు పోసుకుంటివి? నా మైల కడిగిన నీళ్ళు నీదెందుకు కడగవమ్మా?"

పంపమ్మ లేచి వచ్చింది. మెల్లగా పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. ఎందుకైనా మంచిదని ముందు రెండు చెంబులు తన మోకాళ్ళ మీదే కుమ్మరించుకుంది. అప్పుడు చేతులు చాచింది. బిడ్డ బరువు కాళ్ళ మీద పడగానే ఆమెకు ఏడుపు ఆగలేదు. కళ్ళు మసకబారి, చెంబు పక్కకు ఒరిగింది.

"మెడ పట్టుకో పెద్దమ్మా," అంది కుర్చీలో కూర్చున్న కొట్రమ్మ, "చెవిలో నీళ్ళు పోతాండాయి."