తొమ్మిదో గడి

గుండె ఆపరేషన్ల విభాగంలో గుమస్తా రోజూ ఎనిమిదింటికల్లా బల్ల తుడుచుకుని, ఫారాలు దొంతి పెట్టుకుని కూర్చునేది. పెద్ద డాక్టరు దగ్గర చదువుకునే కుర్ర డాక్టర్లు కూడా ఆవిడంటే హడలిపోయేవారు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కాగితం మొహాన కొట్టేది.

ఆ రోజు తాళాలు బాగుచేసే ఆయన తన ఆపరేషను ఫారంతో మూడోసారి వచ్చాడు. తొమ్మిదో గడి మళ్లీ ఖాళీ.

"మీ గుండె చప్పుడు ఎవరు పట్టుకుంటారండీ?"

"ఎవరూ లేరు మేడమ్. పోనీ, నేనే పట్టుకోకూడదా?"

"మీరు మత్తులో ఉంటారు కదయ్యా!"

గుండెను ఆపి బాగుచేసినంతసేపూ రక్తాన్ని మిషను తిప్పుతుంది. చప్పుడు మాత్రం బయట కూర్చున్న సొంతవాళ్ల గుప్పిట్లోకి వస్తుంది. జారిపోకుండా పట్టుకుని, చెప్పినప్పుడు వదలాలి. తోడబుట్టినవాళ్లో, కన్నవాళ్లో, కన్నపిల్లలో అయి ఉండాలని రూలు. ఆ గడి వల్లే ఇతని ఆపరేషను రెండుసార్లు వాయిదా పడింది. ఇంకా ఆలస్యమైతే ఈ గుండె వారం కూడా లాగదని పెద్ద డాక్టరు కాగితం మీద రాశాడు.

గుమస్తా ఆ మాట రెండుసార్లు చదివింది. తర్వాత, ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మొదటిసారి, తన పేరు రాసి పక్కన "అక్క" అని అబద్ధం పెట్టింది.

పెద్ద డాక్టరు సంతకం చేస్తూ ఆవిడ వంక చూశాడు. "మీ తమ్ముడా? ముక్కు చూస్తేనే తెలుస్తోందిలెండి," అన్నాడు.

పదిన్నరకు చప్పుడు ఆవిడ కుడి గుప్పిట్లోకి వచ్చింది. గోరువెచ్చగా, కోడిపిల్లలా కొట్టుకుంటోంది. వరండాలో బెంచీ మీద కూర్చుని తుమ్ము వస్తే ఆపుకుంది. ఇంటికెళ్తే ఆవిడకు వినిపించేది ఫ్రిజ్జు మోత ఒక్కటే. ఇది ఎంత హాయిగా ఉందంటే, ఆవిడకు భయమేసింది.

ఒంటిగంటన్నరకు నర్సు తలుపు తీసి, "వదలండి," అంది. గుమస్తా వేళ్లు విడలేదు.

"అమ్మా, లోపల అందరూ మీకోసమే ఆగారు! వదలండి!"

ఇంకొక్క నిమిషం ఉంచుకోవాలనిపించింది. ఆ నిమిషం తనది కాదు. ఎడమచేత్తో ఒక్కో వేలూ విప్పింది. చప్పుడు వెళ్లిపోయింది. ఆవిడ బెంచీ మీదే వెక్కి వెక్కి ఏడ్చింది.

మూడో రోజుకు అతను మాట్లాడగలిగాడు. ఆవిడ మంచం పక్కన నిలబడి, "నొప్పిగా ఉందా?" అనడిగింది.

"ఉంది. మూడు గంటలు మీ చేతిలో ఉన్నాను కదా మేడమ్. చివర్లో నన్ను వదలబుద్ధి కాలేదు కదూ?"

ఆవిడ తల దించుకుంది. "తప్పే."

"నాకూ రాబుద్ధి కాలేదక్కా."

గుమస్తా కళ్లు తుడుచుకుంది. నర్సును పిలిచింది.

"వీడికి ఏ మందు ఎప్పుడు వెయ్యాలో నాకు చెప్పమ్మా. డిశ్చార్జయ్యాక మా ఇంటికి తీసుకెళ్తున్నాను."