పొగమనుషులు, మళ్లీ మొదటి నుంచి

కహకషాన్‌కు సినిమాల పిచ్చి ఏమీ లేదు. పొగమనుషుల సినిమా అంటే మాత్రం ఎందుకో మమకారం. ఏదో గ్రహం, దాని మీద దట్టమైన పొగ, ఆ పొగలోంచి నడిచొచ్చి మనుషుల్ని ఎత్తుకుపోయే జీవాలు, వాటిని పచ్చదీపం చూపి తరిమే కెప్టెన్. అంతకు మించి కథ అడిగితే నీళ్లు నములుతుంది. పెళ్లయిన కొత్తలో, పుట్టిల్లు సిరిసిల్లలో, భర్త జుబేర్ పక్కన కూర్చుని చూసిన మొదటి సినిమా అది. ఆ మురిపెంతోనే తర్వాతి భాగాలు టీవీలో వచ్చినప్పుడల్లా బీడీలు చుడుతూ ఒక కన్నేసి చూసింది.

ఇప్పుడు దాన్ని మళ్లీ మొదటి నుంచి తీశారట. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కూతురు ముస్కాన్ ఫోన్లో చెప్పింది.

"రీబూట్ అమ్మీ. పాతయన్నీ జరగనట్టే లెక్క. కెప్టెన్‌కు పెండ్లాం గూడ గుర్తుండది."

"గన్ని రోజులు కాపురం జేసి ఇప్పుడు నువ్వెవలంటడా? సిగ్గుండాలె!"

అలా కొత్త కెప్టెన్‌ని మొహం చూడకముందే తిట్టిపోసింది. కానీ ఫోన్ పెట్టేశాక, పెండ్లాం గుర్తుండదన్న మాటే చెవుల్లో తిరిగింది. కొన్నాళ్లుగా ఆమె భయపడుతున్నదీ అదే మరి.

ఇంట్లో అన్నీ తప్పుతున్నాయి. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడింది. తాళాలు బియ్యం డబ్బాలో దొరికాయి. కూర ఉప్పుకషాయమైతే, దించేముందు తానే వేశానన్నాడు జుబేర్. ఏది అడిగినా తల గోక్కుని ఒకటే మాట: "నేనే. మర్చిపోయిన."

అతని తండ్రి లతీఫుద్దీన్ మతిమరుపు ముదిరిన ఆఖరి రోజుల్లో సొంతింట్లో కూర్చునే, నన్ను మా ఇంటికి పంపండని ఏడ్చేవాడు. ఆయన నోటికి ముద్ద అందించింది కహకషానే. ఆ ఏడుపు ఈ ఇంట్లో మళ్లీ వినాల్సొస్తుందేమోనని ఆమెకు కంటిమీద కునుకు లేదు. పైగా జుబేర్ కోరుట్లలో బడి పిల్లల వ్యాను నడుపుతాడు. ఏ పిల్లను ఏ గడప ముందు దించాలో మరిచిపోతే? అందుకే గట్టిగా అనుకుంది. సినిమా వంకతో పాత సంగతులు తవ్వి చూడాలి. తేడా కనిపిస్తే, ఎంత గోల పెట్టినా సరే, వ్యాను మాన్పించాలి.

ఆదివారం మధ్యాహ్నం ఆటకు జగిత్యాల పోదామంటే జుబేర్ ఆమె మొహంలోకి అదోలా చూశాడు.

"నిజంగ పోదామా?"

"ఏం, నాతోని రాబుద్ధి అయితలేదా?"

"అట్లేం లేదు. పా."

బస్సు మేడిపల్లి దాటాక, భర్తను కూతురి తండ్రిగానే పిలిచే అలవాటుతో, ఆమె మొదలుపెట్టింది. ఇంట్లో వాళ్లది ఉర్దూ. సినిమా కబుర్లు మాత్రం, చూసిందంతా తెలుగులోనే కాబట్టి, తెలుగులోనే నడుస్తాయి.

"ముస్కాన్ అబ్బా, గప్పుడు సిరిసిల్లల ఇంటర్వెల్ల నాకేం కొనిచ్చిండ్రు?"

"మిర్చి బజ్జీలు," అన్నాడు తడుముకోకుండా.

ఆమె అతని మాటకు అడ్డుపడింది. "ఐస్‌క్రీమ్ గదా!"

అతను తల గోక్కున్నాడు. "ఔ, ఐస్‌క్రీమే. నేనే మర్చిపోయిన."

ఇంకేం అడగాలి? వ్యాను ఎలా మాన్పించాలో దారంతా లెక్కలు వేసుకుంది.

సినిమా ఆమెకు అస్సలు నచ్చలేదు. కెప్టెన్ మీసాలు సరిగ్గా రాని పిల్లగాడు. వాడు పచ్చదీపం ఎత్తితే పొగమనుషులు ఆగలేదు, దీపాన్ని తోసుకుంటూ వచ్చేశారు. ఇన్నేళ్లూ ఎంత భయం వేసినా, దీపం ఉందిలే అని ధైర్యంగా చూసిన సినిమా అది. ఆ దీపాన్నే పనికిరాకుండా చేశారు, పాడుగాను!

మరోటి కూడా ఆమెను వణికించింది. భయంకరమైన చోటు వచ్చే ముందల్లా జుబేర్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంటున్నాడు. మొదటిసారి ముచ్చటేసింది. మూడోసారి మాత్రం అనుమానం వచ్చింది. పొగ ఇంకా తెర మీదకు రానే లేదు. వస్తుందని ఇతనికెలా తెలుసు? ఈ సినిమా ముందే చూశాడా? చూసిన సంగతి కూడా మరిచిపోయాడా?

ఇంటర్వెల్‌లో అతను బయటికి పోగానే ఆమె క్యాంటీన్ దగ్గరికి వచ్చింది. సమోసాలు అమ్మే ఆడమనిషి పలకరింపుగా నవ్వింది.

"మళ్ల అచ్చిండ్రా అక్కా? గంత నచ్చిందా?"

"నన్నేనా?"

"గట్లంటవేంది, నేను భాగ్యను! పోయిన ఐతారం నీ చున్నీ కుర్చీల ఇరికి చినిగితే పిన్నీసు ఇయ్యలే? మీ ఆయన, నువ్వు గీ మెట్ల మీదనే చాయ తాగిండ్రు గదా."

కహకషాన్ చున్నీ కొస తడుముకుంది. పిన్నీసు చేతికి తగిలింది. ఆ చిరుగు గురించి పొద్దున అడిగితే, వ్యాను తలుపులో తానే ఇరికించానని చెప్పాడు జుబేర్. నేనే, మర్చిపోయిన అన్నాడు. పాల గిన్నెకూ ఆ మాటే. తాళాలకూ ఆ మాటే. ఆమె ఆ మెట్ల మీదే కూర్చుంది.

రెండు చాయలు పట్టుకుని వచ్చిన జుబేర్, ఆమెను చూసి, భాగ్యను చూసి, అక్కడే ఆగిపోయాడు.

"పోయిన వారం అచ్చినమా?" అంది కహకషాన్.

అతను చాయలు కింద పెట్టి పక్కన కూర్చున్నాడు. "అచ్చినం."

"పాలు మాడవెట్టింది ఎవలు?"

అతను ఒక చాయను ఆమె వైపు జరిపాడు.

"మీ అబ్బా లెక్క నేను... నాకే అయితాందా?"

"ఏమో. డాక్టర్‌కు చూపిద్దాం. జెప్తె బెదురుతవని ఊకున్న."

"మీకు అయితాందని నేను బెదిరి సచ్చిన! వ్యాను మాన్పిద్దామనుకున్న!" అరిచేసరికి పక్కవాళ్లు తిరిగి చూశారు. ఆమె అతని చొక్కా గుప్పిట పట్టుకుంది. "ఇగ నేనే మర్చిపోయిన అనకుండ్రి. నా తప్పు నాకు జెప్పుండ్రి. ఒట్టెయ్యిండ్రి."

"ఒట్టు."

లోపల గంట మోగింది. జనం లేచి పోతున్నారు. ఆమె కదల్లేదు.

"అయితే జెప్పుండ్రి. సిరిసిల్లల ఏం కొనిచ్చిండ్రు?"

ఒట్టు వేసినందుకు జుబేర్‌కు చెప్పక తప్పలేదు.

"మిర్చి బజ్జీలే. ఉడుకుడుకుది కొరికి, నాలుక కాలి, కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నవ్. సినిమా అయ్యేదాంక నా చెయ్యి ఇడువలే."

కహకషాన్ కళ్లు మూసుకుంది. కాలిన నాలుకను, ఆ కారాన్ని గుర్తు చేసుకోవాలని శాయశక్తులా ప్రయత్నించింది. ఎంత ప్రయత్నించినా చల్లటి ఐస్‌క్రీమే గుర్తొచ్చింది.