చచ్చిన ఉక్కు

మా ఇంట్లో కత్తులు నూరేది నేను, చెంచాలు చెక్కేది మా అన్న గవ్రిలా. ఈజా లోయ మొత్తంలో అన్న చెక్కిన చెంచాకు పేరుంది. నా సానను మాత్రం ఎవడూ మెచ్చుకోలేదు. పదును కనబడితే కదా మెచ్చుకోవడానికి!

కిటికీ కింద బల్ల, నీళ్ళలో నానేసిన సానరాయి, ఓ తోలుపట్టీ. అంతే నా సరంజామా. కొట్లో కరెంటుతో తిరిగే సానచక్రం కూడా ఉంది కానీ అది గొడ్డళ్ళకు. మంచి కత్తిని దాని దగ్గరికి తీసుకెళ్తే అన్న నిప్పులు చెరుగుతాడు. చక్రం రాపిడికి ఇనుము వేడెక్కి నీలంగా మారిందంటే ఆ ఉక్కు చచ్చినట్టే. ఆ తర్వాత ఎంత నూరినా పైకి మెరుస్తుంది, గట్టిదేదైనా తగిలితే రేకులా వంగిపోతుంది. మా నాన్న ఈ మాట మాకు ఉగ్గుపాలతో పట్టాడు.

మా ఆఖరి చెల్లెలు ఇలింకాను తోదెర్‌కిచ్చి చేశాం. పోయిన వేసవిలో వాడు దాన్ని గడ్డి అటక మీంచి తన్నాడు. మెడ విరిగి పోయింది పిల్ల. జారిపడిందని కోర్టులో చెప్పాడు, కోర్టు నమ్మింది. దాని ఒంటికి ఆఖరి నీళ్ళు పోసింది నేనే. నడుము మీద బూటు మడమ అచ్చు నల్లగా కమిలి ఉంది. జారిపడితే నడుము మీద బూటు ఎలా దిగుతుందో ఆ జడ్జిని అడగాలని ఇప్పటికీ నా నాలుక దురదపెడుతుంది.

డిసెంబరు ఇరవైన ఇగ్నాత్ పండగ. ఆ రోజు ఇంటింటా పందిని కోస్తారు. పంది లేనివాళ్ళు కోడి జుట్టునైనా గీరి నెత్తురు కళ్ళచూడాలి, లేకపోతే ఏడాదంతా కీడు. పండగ ముందురోజు మధ్యాహ్నం అన్న పందికత్తి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"నూరు."

"ఈ ఏడు మనకు పందెక్కడిదన్నా?"

"నెత్తురు చూడాలిగా."

"కోడి ఉందిగా!"

"కోడి ఎందుకే? నల్లగేటు ఇంట్లో రెండుకాళ్ళ పంది తిరుగుతోంది."

నల్లగేటు ఇల్లు తోదెర్‌ది.

"కొరివితో తల గోక్కుంటావా? వాడు చస్తాడు, నువ్వు జైల్లో కుళ్ళి చస్తావు."

"చెల్లిని అప్పుడే మర్చిపోయావే నస్తాసియా?"

"నోర్మూసుకో. దాని నడుం చూసింది నేను, నువ్వు కాదు."

అన్న తల దించుకున్నాడు. కత్తి మీద చెయ్యి వేసి, "నువ్వు నూరతావా, నన్నే నూరుకోమంటావా?" అన్నాడు.

"ఇలా తగలెయ్యి. నేనే నూరతాను."

తోదెర్ చావాలని నాకు లేదా? ఉంది. మొక్కజొన్న సంకటి, మామలిగ, కలిపేటప్పుడు కూడా వాడి పీకే అనుకుని గరిటె తిప్పేదాన్ని. కానీ వాడి మూలంగా ఒక మనిషిని పోగొట్టుకున్నాను. రెండో మనిషిని ఇవ్వదల్చుకోలేదు.

అన్న కట్టెలకు వెళ్ళగానే కొట్లోకి దూరి చక్రం తిప్పాను. కత్తి కొనను రెండు వేళ్ళ మేర, నీళ్ళలో ముంచకుండా, నొక్కి పట్టాను. ముందు గడ్డిరంగు వచ్చింది, తర్వాత గోధుమరంగు, చివరికి నీలం. ఉక్కును నా చేత్తో నేను చంపడం అదే మొదలు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని నీలమంతా పోయేదాకా రాయి మీద రుద్దాను. మిగతా అంచును మాత్రం ఎన్నడూ లేనంత శ్రద్ధగా నూరాను. ఎందుకంటే అన్న ఊరుకోడు, పరీక్ష చేస్తాడు.

సాయంత్రం కత్తి తీసుకుని ఎడమ ముంజేతి మీద గీరి చూశాడు. ముప్పై ఏళ్ళుగా గీరి గీరి ఆ చెయ్యి ఈకలు పీకిన కోడిలా ఉంటుంది. మిగిలిన నాలుగు వెంట్రుకలూ రాలాయి.

"నాన్న చెయ్యే నీకొచ్చింది," అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

తెల్లారి పొద్దెక్కాక అన్న బయల్దేరాడు. నేను వెనకాలే పరిగెత్తాను. నల్లగేటు వాకిట్లో పంది అప్పటికే పడి ఉంది, దాని బొచ్చు కాల్చిన గడ్డి ఇంకా పొగలేస్తోంది. పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నాయి. తోదెర్, ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళూ సారా తాగుతున్నారు.

"ఏం బావా, మాంసానికొచ్చావా?" తోదెర్ నవ్వాడు. "చెవి కోసిస్తా, పట్టుకెళ్ళు. చెల్లెలి వాటా అనుకో."

అన్న తిన్నగా వెళ్ళి వాడి పొట్టలో పొడిచాడు.

తోదెర్ నడుముకు జానెడు వెడల్పు తోలు బెల్టు, దానికి మూడు ఇత్తడి బకిల్సు. కత్తి బకిల్ మీద పడి కొన మడత పడింది. నేను అనుకున్నది అక్కడిదాకా అనుకున్నట్టే జరిగింది. కానీ మా కత్తులకు పిడికీ అంచుకీ మధ్య అడ్డుండదు. కొన ఆగిపోయింది, అన్న చెయ్యి ఆగలేదు. పిడి మీంచి జారి, నేను ప్రాణం పెట్టి నూరిన అంచు మీదకు పోయింది. నాలుగు వేళ్ళూ ఎముక దాకా తెగాయి. అన్నకు ఆ సంగతి తెలీలేదు. మళ్ళీ పొడవబోతే పిడికిలి మూసుకోలేదు. కత్తి నెత్తుట్లో పడింది.

తోదెర్ పందిని మోసిన దుడ్డుకర్ర అందుకుని భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గేటు దగ్గరున్న నాకు వినబడింది. కిందపడ్డ మనిషిని నడుం మీద తన్నాడు, ఆ బూటుతోనే. ఇంకో తన్నుకు కాలెత్తాడు.

నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి బాల్చీ ముంచి తెర్లుతున్న నీళ్ళు వాడి తొడల మీద కుమ్మరించాను. వాడు పందికన్నా గట్టిగా అరిచాడు. నాకు జాలి కలగలేదు. ఇంకో బాల్చీ పోయాలనిపించింది, పోశాను కూడా. అప్పుడు పక్కవాళ్ళు నన్ను పట్టుకున్నారు.

పోలీసులొస్తే, పందిని కోస్తుంటే కత్తి జారిందనీ, నీళ్ళు ఒలికాయనీ చెప్పారు అందరూ. తోదెర్ కాదనలేదు. కాదంటే ఇలింకా సంగతి మళ్ళీ పైకొస్తుంది. వాడిప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

అన్న వేళ్ళు కుట్టారు గానీ అవి మళ్ళీ ముడవలేదు. చలికాలమంతా నాతో పలకలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను రోజూ ఆ వేళ్ళకు పందికొవ్వు రాసేదాన్ని. రాయనిచ్చేవాడు, నా మొహం చూసేవాడు కాదు. మంచు కరుగుతున్న రోజుల్లో ఒక ఉదయం నా ఎదురుగా కూర్చున్నాడు. పందికత్తి బల్ల మీద పెట్టి, మడత పడ్డ కొనను ఎడమచేత్తో అటూ ఇటూ వంచాడు. మూడోసారికి విరిగింది.

"చక్రం పెట్టావు."

"పెట్టాను."

"నీలం వచ్చేదాకా."

"వచ్చేదాకా."

"వాణ్ణి కాపాడావా?"

"నిన్ను. చెయ్యి జారుతుందని నాకు తట్టలేదన్నా. కొన ఒక్కటే చూశాను."

"ఆసుపత్రిలోనే తెలుసు నాకు. రెండు నెలలుగా రోజూ నిన్ను చంపాలనుకున్నాను," అన్నాడు మెల్లగా. "ఎడమచేత్తో కత్తి పట్టడం రాదు."

జేబులోంచి చెంచా గుంట తొలిచే వంపుకత్తి తీసి నా ముందు పెట్టాడు.

"దీన్ని ఎడమచేతికి మార్చు. అంచు వాలు అటుపక్కకు రావాలి."

"పాత వాలంతా అరగదియ్యాలి. వారం పైనే పడుతుంది."

"పట్టనీ. చక్రం పెట్టావంటే చూడు!"

రాయి మీదే తొమ్మిది రోజులు పట్టింది. పదోనాడు అన్న దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, కుడి ముంజేతిని బల్ల మీద చాపాడు. ఆ చేతిని ఏ కత్తీ ఎన్నడూ తాకలేదు, వెంట్రుకలు ఒత్తుగా ఉన్నాయి. వేళ్ళు నాలుగూ వెల్లకిలా పడి ఉన్నాయి. వంకర టింకరగా ఒక్క గీత గీరాడు. వెంట్రుకల కుచ్చు బల్ల మీద రాలింది.

"పదునుంది," అన్నాడు.