నాలుగో ప్రతి

నేను ఒక జట్టు జాబితాను. నేపాల్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మన దేశం తరఫున ఎవరెవరు దిగుతారో చెప్పే కాగితాన్ని. హైదరాబాద్‌లోని ఒక స్టేడియంలో, మేనేజరు గదిలో ప్రింటరు వదిలిన నాలుగు ప్రతుల్లో చివరిదాన్ని. నా మీద అడ్డంగా ఒక సన్నటి గీత ఉంటుంది. పైన ఆడే పదకొండు మంది, కింద కూర్చునేవాళ్లు. పైవాళ్లు నవ్వుతారు. కిందివాళ్లు బూట్ల తాళ్లు విప్పి మళ్లీ కట్టుకుంటారు.

గోల్‌కీపరు ఇమ్మానుయేలుది బొల్లారం. ముప్పై రెండేళ్లు. ఇరవై మ్యాచ్‌లు గీత కిందే గడిపాడు. దేశం తరఫున ఒక్కటీ ఆడలేదు. ఆ రోజు మొదటిసారి పైకి వచ్చాడు. నన్ను తీసుకుని, తన పేరు మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు.

"ఇగ చాలు, ఇటియ్యి. నీ చెమటకు చెరిగిపోతది," అని మేనేజరు లాక్కున్నాడు.

మూడు ప్రతులు మైదానంలోని అధికారులకు వెళ్లాయి. నన్ను పైన అద్దాల గదిలో, మైకులో పేర్లు చదివే సారంగపాణి ముందు పెట్టారు. ఆయన మిర్చిబజ్జీ తింటున్నాడు. వార్మప్‌లో ఒక బంతి ఇమ్మానుయేలు కుడిచేతి వేళ్లను వెనక్కి విరవడం ఆయన చూడలేదు. నేను చూశాను. ఇమ్మానుయేలు ఆ చేతిని వెనక దాచుకుని, ఇంకో రెండు బంతులు ఎడమచేత్తో ఆపాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, మేనేజరు దగ్గరకు నడిచి గ్లవ్ తీసి చూపించాడు. ఆట మొదలుకాకముందు గాయపడితే పేరు మార్చుకోవచ్చు. కిందున్న మూడు ప్రతుల్లో అతని పేరు కొట్టేసి, గీత కిందున్న రెండో గోల్‌కీపరు లాల్‌సంగా పేరు రాశారు. నేను పైన ఉన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

సారంగపాణి వేళ్లు తుడుచుకుని నన్నే చదివాడు. "ఇమ్మానుయేలు!" బొల్లారం వాళ్లు కూర్చున్న మూల లేచి అరిచింది. బెంచీ మీద అతను తల ఎత్తలేదు.

లాల్‌సంగా ఒక్క గోలూ పోనివ్వలేదు.

మ్యాచ్ అయ్యాక ఇమ్మానుయేలు మెట్లెక్కి వచ్చాడు.

"తప్పైంది తమ్మీ, పాత కాయితం సదివిన," అన్నాడు సారంగపాణి. "ఇది నువ్వే ఉంచుకో. ఫ్రేం కట్టించుకో."

"ఆడనోనికి ఫ్రేం ఏందన్నా? పెన్నియ్యి."

కుడిచేతికి కట్టు. ఎడమచేత్తో తన పేరు కొట్టేశాడు. పక్కన లాల్‌సంగా పేరు, ఒకటో తరగతి పిల్లవాడిలా, నెమ్మదిగా రాశాడు. పెన్ను తిరిగిచ్చి వెళ్లిపోయాడు.

నాకు నొప్పి తెలియలేదు. అతని ముఖంలోనూ కనిపించలేదు. సారంగపాణి నన్ను లైటు కిందకు పట్టుకుని చూశాడు. కొట్టేసిన పేరు ఇంకా కనిపిస్తూనే ఉంది. ఫైల్లో పెట్టాడు.

ఇప్పుడు నేనూ మిగతా మూడింటిలా నిజమే చెబుతున్నాను. దానివల్ల ఎవరి మనసు తేలికైందో తెలియదు.